గల్ఫ్ ప్రయాణం: పెట్టె సర్దే ముందు తెలుసుకోవలసినవి

మన సమాజంలో గల్ఫ్‌తో సంబంధం లేని కుటుంబం చాలా అరుదు. కడప, రాయచోటి, రాజంపేట వైపు నుండి కువైట్‌కు, కోనసీమ నుండి కువైట్, ఖతర్‌లకు, జగిత్యాల, నిజామాబాద్, సిరిసిల్ల నుండి దుబాయ్, మస్కట్‌లకు, హైదరాబాద్ నుండి జిద్దా, రియాద్‌లకు తరతరాలుగా మనవాళ్ళు వెళ్ళివస్తున్నారు. ఒకరు కొలువు కోసం, ఒకరు కొడుకును చూసేందుకు, ఇంకొకరు ఉమ్రా నిమిత్తం వెళ్తారు. మన సంస్థకు జకాత్, సదఖా రూపంలో అందే సొమ్ములో కూడా గల్ఫ్‌లో చెమటోడ్చినవారి కష్టార్జితం చాలానే ఉంటుంది.

ఇంతమంది వెళ్ళివస్తున్నా, మొదటిసారి వెళ్ళేవారు మాత్రం ఎవరో చెప్పిన నాలుగు మాటలు నమ్ముకుని బయలుదేరుతున్నారు. "ఏమీ కాదులే, మేమంతా తీసుకెళ్ళినవాళ్ళమే" అనే మాట అందులో అన్నిటికంటే ప్రమాదకరమైనది. మన ఊళ్ళో కిరాణా కొట్లో దొరికే గింజలు, మందుల షాపులో డాక్టరు చీటీ లేకుండానే ఇచ్చే మాత్రలు, పక్కింటివారు ఆప్యాయంగా చేతికిచ్చిన చిన్న పొట్లం – వీటిలో ఏ ఒక్కటైనా అక్కడి విమానాశ్రయంలో మనిషిని జైలు గదికి చేర్చగలదు. అప్పు చేసి పంపిన కుటుంబం ఆ తర్వాత ఏ స్థితికి చేరుతుందో సహాయ దరఖాస్తులు చదివే మనకు వేరే చెప్పనవసరం లేదు. అలాంటి దరఖాస్తు మన దగ్గరికి రాకుండా ఉండడానికి ముందుగా తెలిసి ఉండవలసిన విషయాలను ఇక్కడ వరుసగా చెప్పుకుందాం.

పెట్టెకంటే ముందు కాగితాలు

పదో తరగతి పాస్ కానివారి పాస్‌పోర్టు సాధారణంగా ఈసీఆర్ కోవలోకి వస్తుంది. అంటే ఉద్యోగం కోసం గల్ఫ్ దేశాలతో సహా 18 దేశాలకు వెళ్ళాలంటే 1983 నాటి ఎమిగ్రేషన్ చట్టం ప్రకారం ప్రభుత్వ అనుమతి తీసుకోవాలి. దీనిని ఇ-మైగ్రేట్ అనే ఆన్‌లైన్ విధానంలో ఇస్తారు. చాలామంది దీనిని అడ్డంకిగా చూస్తారు. నిజానికి ఇది రక్షణ. ఈ దారిలో వెళ్ళినవారి ఒప్పందపత్రం ప్రభుత్వ రికార్డులో ఉంటుంది. జీతం ఎంత, యజమాని ఎవరు, పని ఏమిటి అన్నది రేపు తగవు వస్తే చూపించడానికి ఆధారం దొరుకుతుంది.

ఈసీఆర్ దారిలో వెళ్ళేవారికి ప్రవాసీ భారతీయ బీమా యోజన తప్పనిసరి. రెండేళ్ళకు ₹275, మూడేళ్ళకు ₹375 ప్రీమియం. ప్రమాదంలో మరణించినా, శాశ్వత వైకల్యం కలిగినా ₹10 లక్షల బీమా వర్తిస్తుంది. పెట్టె మీద చుట్టించే ప్లాస్టిక్ కవరుకే అంతకంటే ఎక్కువ ఇస్తున్న రోజుల్లో ఈ బీమాను వదులుకోవడం తెలివైన పని కాదు. పాలసీ కాపీ ఇంట్లో ఉంచి, అది ఎక్కడ ఉందో భార్యకో తల్లికో చెప్పి వెళ్ళాలి.

రిజిస్టరు అయిన ఏజెంటు తీసుకోదగిన గరిష్ఠ రుసుము ₹30,000, దానిపై 18 శాతం జీఎస్టీ. అంతకు మించి అడిగితే రసీదు అడగండి; రసీదు ఇవ్వనంటే ఆ గుమ్మం దిగండి. ఏజెంటుకు లైసెన్సు ఉందో లేదో ఇ-మైగ్రేట్‌లోనే చూసుకోవచ్చు. ఆంధ్రప్రదేశ్‌లో ఓంక్యాప్, తెలంగాణలో టామ్‌కామ్ అనే ప్రభుత్వ సంస్థలు విదేశీ ఉద్యోగాలకు మనుషులను ఎంపిక చేసి పంపుతాయి. ఈసీఆర్ పాస్‌పోర్టు ఉన్న మహిళలు ఇంటిపనికి వెళ్ళాలంటే 30 ఏళ్ళు నిండి ఉండాలి, అదీ ప్రభుత్వ సంస్థల ద్వారానే వెళ్ళాలి. వయసు దిద్దించి, విజిట్ వీసా చేతిలో పెట్టి పంపేవాడు మేలు చేస్తున్నవాడు కాదు. విజిట్ వీసా మీద పనిచేయడం అక్కడ నేరం. జీతం ఎగ్గొట్టినా ఫిర్యాదు చేయడానికి కూడా నోరు లేని పరిస్థితి అది.

వీసా కాగితం మీద ఏ పని రాసి ఉందో తెలిసినవారితో చదివించుకోవాలి. ఉదాహరణకు కువైట్‌లో కంపెనీ ఉద్యోగాలకు 18వ నంబరు, ఇంటిపనులకు 20వ నంబరు రెసిడెన్సీ ఉంటాయి. షాపులో పని అని చెప్పి 20వ నంబరు వీసా ఇస్తే అక్కడే మోసం మొదలైందని అర్థం.

పాస్‌పోర్టు, వీసా, ఒప్పందపత్రం, బీమా – ఈ నాలుగింటికీ మూడేసి నకళ్ళు తీయించండి. ఒకటి చేతిసంచిలో, ఒకటి పెద్ద పెట్టెలో, ఒకటి ఇంట్లో ఉండాలి. ఫొటోలు తీసి ఇంట్లోవారి వాట్సాప్‌కు కూడా పంపాలి. కార్మికుడి పాస్‌పోర్టును యజమాని తన దగ్గర ఉంచుకోవడం గల్ఫ్ దేశాల నిబంధనలకు విరుద్ధం. అయినా ఆ అలవాటు పోలేదు. అసలు చేతిలో లేని రోజున నకలే దిక్కు.

వంటింటి నుండి వెళ్ళేవి

గసగసాలు లేని కుర్మా మనకు రుచించదు. బాలింతకు పెట్టే హరీరాలో ఖస్‌ఖస్ పడాల్సిందే. అందుకే కూతురికో కోడలికో మసాలాలు కట్టేటప్పుడు తల్లి చేయి ముందుగా ఆ డబ్బా వైపే పోతుంది. కానీ యూఏఈ, సౌదీ, ఖతర్, కువైట్‌లలో గసగసాలను మాదక పదార్థంగానే చూస్తారు. గసగసాల మొక్క పచ్చికాయను గీరితే కారే పాల నుండే నల్లమందు తయారవుతుంది. మార్ఫిన్ ఆనవాళ్ళు గింజలకూ అంటి ఉంటాయి. పైగా ఆ గింజ మొలకెత్తగలదు. మన దేశంలో లైసెన్సు మీద సాగు జరుగుతుంది కనుక కొట్లో అమ్ముతారు. అక్కడ ఆ వెసులుబాటు లేదు. "కూరలో వేసుకోవడానికి" అన్న సమాధానం అధికారికి సమాధానమే కాదు.

విడి గింజలే కాదు, నూరిన మసాలాలో కలిసినా అంతే. ఇంట్లో దంచిన కుర్మా మసాలా, బిర్యానీ మసాలా, కొన్ని మిఠాయిలు – వీటిలో గసగసాలు పడ్డాయేమో అడిగి చూసుకోవాలి. దుకాణంలో కొన్న ప్యాకెట్ అయితే వెనుక ఉన్న పదార్థాల జాబితా చదవాలి. పాత డబ్బాలో గసగసాలు ఖాళీ చేసి వేరే పొడి నింపినా అడుగున గింజలు మిగిలిపోతాయి. కొత్త సంచిలోనే పోయండి. గసగసాలు లేకుండా జీడిపప్పు, పుచ్చగింజలు వేసినా కుర్మా చిక్కగానే వస్తుంది.

పాన్ అలవాటు ఉన్న పెద్దవారు గుర్తుంచుకోవలసింది ఒకటి ఉంది. దుబాయ్ కస్టమ్స్ నిషేధించిన వస్తువుల్లో తమలపాకుతో సహా పాన్ సామగ్రి ఉంది. గుట్కా, ఖైనీ, జర్దా జేబులో మిగిలిపోయినా ఇబ్బందే. ప్రయాణానికి ముందు జేబులు, చేతిసంచి అరలు దులిపి చూసుకోవడం మంచిది.

ఎండుకొబ్బరి సంగతి వేరు. అది మత్తు పదార్థం కాదు గానీ, నూనె శాతం ఎక్కువ కావడం వల్ల తనంతట తానే వేడెక్కి అంటుకునే స్వభావం ఉంది. అందుకే విమానాల్లో దానిని ప్రమాదకర వస్తువుగా లెక్కించి ఇక్కడే తీయించేస్తారు. పచ్చళ్ళు, నెయ్యి, తేనె వంటివి 100 మిల్లీలీటర్లు దాటితే చేతిసంచిలో ఒప్పుకోరు. పెద్ద పెట్టెలో, గట్టి మూత ఉన్న డబ్బాలో పోసి, రెండు ప్లాస్టిక్ కవర్లు చుట్టి పెట్టాలి. ఆవకాయ నూనె కారి పక్కవారి పెట్టె కూడా పాడైతే ఆ గొడవ మనమే పడాలి.

మందుల సంచి

రెండో ప్రమాదం మందుల దగ్గర ఉంది. నడుము నొప్పికి, నిద్రకు, దగ్గుకు మన దగ్గర మామూలుగా రాసే కొన్ని మందులు గల్ఫ్ దేశాల్లో కఠిన నియంత్రణలో ఉన్నాయి. వాటి అసలు పేర్లు గుర్తుపెట్టుకోండి: ట్రమడాల్, కోడీన్, ప్రెగాబలిన్, ఆల్ప్రజోలామ్, డయజెపామ్, క్లోనజెపామ్, జోల్పిడెమ్. ఖతర్‌లోని భారత రాయబార కార్యాలయం ఇలాంటి మందులు తేవద్దని మనవారిని హెచ్చరించింది కూడా. షుగర్ వల్ల అరికాళ్ళ మంటలతో బాధపడే పెద్దలకు ప్రెగాబలిన్ ఎక్కువగా రాస్తుంటారు. కోడీన్ కొన్ని దగ్గు మందుల్లో ఉంటుంది. డబ్బా మీది కంపెనీ పేరు చూసి ఏమీ తెలియదు. దాని కింద చిన్న అక్షరాల్లో ఉన్న అసలు మందు పేరు చదవాలి.

ఈ విషయంలో చేయవలసింది ఇది. మీరు వాడే మందులన్నీ డాక్టరుకు చూపించి, ఫలానా దేశానికి వెళ్తున్నానని చెప్పండి. నియంత్రణలో ఉన్న మందు ఉంటే, అది లేకుండా గడిచే మార్గం ఉందేమో అడగండి. తప్పనిసరి అయితే ముందస్తు అనుమతి తీసుకోవాలి. యూఏఈలో సంబంధిత ప్రభుత్వ విభాగం, సౌదీలో ఫుడ్ అండ్ డ్రగ్ అథారిటీ ఆన్‌లైన్‌లో ఈ అనుమతి ఇస్తాయి. మిగతా మామూలు మందులకు కూడా – బీపీ, షుగర్, థైరాయిడ్ వంటివాటికి – డాక్టరు సంతకం, ముద్ర ఉన్న చీటీ ఆంగ్లంలో ఉండాలి. అందులో పేరు పాస్‌పోర్టులో ఉన్నట్లే ఉండాలి. మాత్రలను స్ట్రిప్పు నుండి విడదీసి చిన్న డబ్బాల్లో పోయకండి. ఉండబోయే రోజులకు సరిపడా మాత్రమే తీసుకెళ్ళండి. ఇన్సులిన్ చేతిసంచిలోనే ఉంచుకోవాలి; కింది లగేజీలో చలికి గడ్డకడితే పనికిరాదు.

వేరొకరి మందులు మోసుకెళ్ళడం అసలే వద్దు. చీటీ మీద ఒకరి పేరు, పాస్‌పోర్టు మీద ఇంకొకరి పేరు ఉంటే ఎంత చెప్పినా అనుమానం తీరదు. ఏ మందైనా అక్కడి డాక్టరుకు చూపించుకుని అక్కడే కొనుక్కోవచ్చు.

అమానత్ పేరుతో ఇచ్చే పొట్లం

ఊరి నుండి ఒకరు గల్ఫ్ వెళ్తున్నారంటే నలుగురు తలా ఒక పొట్లం తెస్తారు. "మా తమ్ముడికి రెండు జతల బట్టలు భాయ్", "మా అల్లుడికి కాస్త పచ్చడి బాబాయ్" అంటారు. కాదనడానికి మొహమాటం. ఒకరి వస్తువును మరొకరికి భద్రంగా చేర్చడం మన దగ్గర అమానత్. దానిని కాదనడం తప్పని చిన్నప్పటి నుండి నేర్చుకున్నాం. ఈ మంచితనాన్నే కొందరు వాడుకుంటారు. పచ్చడి డబ్బా అడుగున, చెప్పుల అట్ట మధ్యలో, బట్టల మడతల్లో మత్తు పదార్థాలు దాచి అమాయకుల చేత పంపించిన ఉదంతాలు పత్రికల్లో ఎన్నోసార్లు వచ్చాయి.

చట్టం దృష్టిలో పెట్టె ఎవరిదో అందులోని సరుకు వారిదే. ఎవరిచ్చారు, ఎందుకిచ్చారు అన్నది కోర్టులో ఏళ్ళ తరబడి చెప్పుకోవలసిన కథ. సౌదీ అరేబియాలో మాదక ద్రవ్యాల రవాణాకు మరణశిక్ష ఉంది. కొంతకాలం ఆపిన ఈ శిక్షల అమలును 2022 నవంబరులో మళ్ళీ మొదలుపెట్టారు. యూఏఈ, కువైట్‌లలో కూడా చట్టం ఆ స్థాయిలోనే ఉంది. మన దేశంలోనే పట్టుబడితే 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం కింద బెయిలు దొరకడం కష్టం.

కాబట్టి మొహమాటానికి ఒక పద్ధతి పెట్టుకోవాలి. ఏమి ఉందో తెలియని వస్తువు అమానత్ కాదు. తీసుకోక తప్పనప్పుడు ఇచ్చినవారి ముందే విప్పి, ప్రతి మడతా తీసి, ప్రతి డబ్బా మూత తెరిచి చూసి, మీ చేతులతో మీరే తిరిగి కట్టాలి. కుట్టేసిన సంచి, సీలు వేసిన డబ్బా, విప్పడానికి వీల్లేని వస్తువు తీసుకోకండి. ప్రయాణం రోజున విమానాశ్రయం గుమ్మం దగ్గరికి తెచ్చి ఇచ్చేవాటిని అసలు ముట్టుకోకండి. విప్పి చూస్తానంటే నొచ్చుకునేవారి పొట్లం మోయవలసిన అవసరం లేదు. ఇంట్లోని పెద్దవారు కూడా "పోనీలే, తీసుకెళ్ళరా" అని పిల్లలను ఒత్తిడి పెట్టకూడదు. మాట పడితే పడదాం. బిడ్డ జైలు పాలు కావడం కంటే అది చిన్నదే.

ఇదే సందర్భంలో మరో మాట. ప్రయాణానికి ముందు తల్లులు తాయత్తు కట్టడం, రాగిరేకు పెట్టెలో పెట్టడం, మంత్రించిన దారం ఇవ్వడం మన వైపు ఉన్న ఆనవాయితీ. సౌదీ, యూఏఈలలో మంత్ర తంత్రాలు శిక్షార్హమైన నేరాలు. తాయత్తులు, రాతలున్న రేకులు, పొడులు పెట్టెలో కనిపిస్తే వాటిని చేతబడి సామగ్రిగా అనుమానించే అవకాశం ఉంది. దువాతో సాగనంపండి, వస్తువులతో వద్దు.

చేతిసంచిలో ఏముండాలి

పెద్ద పెట్టె ఒక రోజు ఆలస్యంగా వచ్చినా గడిచేలా చేతిసంచి సర్దుకోవాలి. పాస్‌పోర్టు, కాగితాలు, మందులు, కళ్ళజోడు, ఒక జత బట్టలు, ఫోను ఛార్జరు, అక్కడి కరెన్సీ కొంత, పెన్ను. ఫోను పనిచేయకపోతే చూసుకోవడానికి యజమాని లేదా బంధువు నంబరు, చిరునామా కాగితం మీద రాసి ఉంచుకోవాలి. పవర్ బ్యాంకును చేతిసంచిలోనే పెట్టాలి, పెద్ద పెట్టెలో నిషిద్ధం. దాని సామర్థ్యం 100 వాట్-అవర్లు దాటకూడదు. కత్తెర, చిన్న కత్తి, నెయిల్ కట్టర్ సెట్టు పెద్ద పెట్టెలో పెట్టండి. యూఏఈ, సౌదీ, ఖతర్, కువైట్‌లలో మూడు పలకల పిన్నుల ప్లగ్గు వాడుక ఎక్కువ. ఇక్కడే ఒక అడాప్టరు కొనుక్కుంటే సుఖం.

నగదు విషయంలో లెక్క తెలిసి ఉండాలి. భారతదేశం నుండి వెళ్ళేటప్పుడు గానీ వచ్చేటప్పుడు గానీ ఇక్కడి నివాసులు ఒక్కొక్కరు ₹25,000 వరకే రూపాయల నోట్లు ఉంచుకోవచ్చు. సౌదీలోకి వెళ్ళినా, అక్కడి నుండి వచ్చినా 60,000 రియాళ్ళు, యూఏఈలో 60,000 దిర్హాములు దాటితే కస్టమ్స్‌కు తెలపాలి. బంగారం, విలువైన వస్తువులూ ఈ లెక్కలోకి వస్తాయి.

ఉమ్రాకు వెళ్ళేవారికి

ఉమ్రాకు వెళ్ళేవారు మెనింజైటిస్ టీకా వేయించుకోవాలి. సౌదీ చేరడానికి కనీసం 10 రోజుల ముందు వేయించుకున్నట్టు సర్టిఫికెట్ ఉండాలి. కాబట్టి టికెట్టు తీసుకున్న వారంలోనే ఈ పని చూసుకోవాలి, చివరి రోజుకు పెట్టుకోకూడదు. మదీనాలో రౌజా షరీఫ్ దర్శనానికి నుసుక్ యాప్‌లో ముందుగా సమయం తీసుకోవాలి. పెద్దవారికి ఫోను వాడకం రాకపోతే ఇంట్లోని పిల్లలు బయలుదేరే ముందే యాప్ పెట్టి, రెండుసార్లు చేయించి చూపించండి.

విజిట్ వీసా మీద వెళ్ళి అక్కడే ఉండి హజ్ చేసి రావచ్చని ఎవరైనా చెబితే నమ్మకండి. హజ్‌కు ప్రత్యేక అనుమతి కావాలి. అనుమతి లేకుండా ప్రయత్నించినవారికి 2025లో 20,000 రియాళ్ళ వరకు జరిమానా ప్రకటించారు. విదేశీయులైతే వెనక్కి పంపి పదేళ్ళ పాటు తిరిగి రానివ్వరు. జీవితకాలం దాచుకున్న సొమ్ము, ఇబాదత్ కోసం చేసిన సంకల్పం రెండూ అలా పోగొట్టుకోవడం బాధాకరం.

తిరిగి వచ్చేటప్పుడు జమ్‌జమ్ నీటిని సీసాల్లో నింపి బట్టల పెట్టెలో పెట్టకండి, తనిఖీలో తీసేస్తారు. విమానాశ్రయంలో అమ్మే 5 లీటర్ల ప్యాకింగునే విమాన సంస్థ నియమం ప్రకారం తెచ్చుకోవాలి.

అక్కడ నడుచుకోవలసిన తీరు

మనమూ ముస్లిములమే, అక్కడివారూ ముస్లిములే, ఇక భయమేమిటన్న ధీమా కొందరిలో ఉంటుంది. మతం ఒకటే అయినా చట్టం వేరు, మర్యాద వేరు. అనుమతి లేకుండా ఎవరి ఫొటో, ముఖ్యంగా స్త్రీల ఫొటో తీయకూడదు. రాజభవనాలు, సైనిక స్థావరాలు, విమానాశ్రయ తనిఖీ ప్రాంతాల వీడియోలు తీయరాదు. యూఏఈలో వాట్సాప్‌లో ఒకరిని తిట్టినా అది సైబర్ నేరం కిందికి వస్తుంది. జీతం గొడవలో కోపం వచ్చి యజమానికి పంపిన ఒక్క వాయిస్ మెసేజి, న్యాయం మన వైపే ఉన్నా కేసును తలకిందులు చేస్తుంది.

రంజాన్ మాసంలో కువైట్‌లో పగటిపూట బహిరంగంగా తినడం, తాగడం నేరం. 1968 నాటి చట్టం ప్రకారం 100 దీనార్ల వరకు జరిమానా, నెల వరకు జైలు ఉండవచ్చు. ఆరోగ్యం బాగాలేక రోజా ఉండలేనివారు, అలాగే మన ముస్లిమేతర సోదరులు కూడా ఇది తెలుసుకోవాలి. కువైట్‌లో, సౌదీలో మద్యం గురించి మన ఇళ్ళలో చెప్పవలసిన పని లేదు గానీ, స్నేహితుడి గదిలో దొరికినా గదిలో ఉన్నవారందరినీ తీసుకెళ్తారన్నది కుర్రవాళ్ళకు చెప్పాలి.

చందాలు వసూలు చేసే ముందు

ఈ విషయం సేవా సంస్థలకు సంబంధించినది కనుక దాతలు ప్రత్యేకంగా చదవాలి. గల్ఫ్‌లో ఉన్న మన సభ్యులు ఊళ్ళోని మద్రసా కోసమో, ఒక పేద పిల్ల పెళ్ళి కోసమో, ఆపరేషను కోసమో తోటివారి దగ్గర చందా పోగుచేస్తుంటారు. ఉద్దేశం ఎంత గొప్పదైనా యూఏఈలో అనుమతి లేకుండా విరాళాలు సేకరించడం నేరం. 2021లో దీనిపై ప్రత్యేకంగా ఫెడరల్ చట్టం చేశారు. వాట్సాప్ గ్రూపులో అకౌంటు నంబరు పెట్టి సాయం అడిగినా ఇందులోకే వస్తుంది. శిక్ష జైలు లేదా లక్షల దిర్హాముల జరిమానా. సౌదీ, కువైట్‌లలో కూడా అనుమతి లేని వసూళ్ళపై నిషేధం ఉంది. కాబట్టి గల్ఫ్‌లో ఉన్న సభ్యుడికి రసీదు పుస్తకం పంపడం ఆదరం కాదు, అతన్ని ఇరికించడం.

ఎవరికి వారు తమ సొంత సంపాదనలోంచి నేరుగా భారతదేశంలోని సంస్థకు బ్యాంకు ద్వారా పంపడమే సరైన దారి. మన దేశంలోని 2010 నాటి ఎఫ్‌సీఆర్‌ఏ చట్టం ప్రకారం, భారతీయ పాస్‌పోర్టు కలిగి ఉన్న ప్రవాసులు తమ సొంత పొదుపులోంచి బ్యాంకు మార్గంలో పంపే విరాళం విదేశీ విరాళం కిందికి రాదు. విదేశీ పౌరసత్వం తీసుకున్నవారు, ఓసీఐ కార్డు ఉన్నవారితో సహా, ఇచ్చేది మాత్రం విదేశీ విరాళమే. ఎఫ్‌సీఆర్‌ఏ రిజిస్ట్రేషన్ లేని సంస్థ దానిని తీసుకోరాదు. అందుకే సంస్థ కోశాధికారి పాస్‌పోర్టు నకలు అడిగితే దాతలు అనుమానంగా అనుకోకూడదు, అది సంస్థను కాపాడే జాగ్రత్త. హవాలా దారిలో, ఎవరి చేతికో నోట్లిచ్చి పంపే దారిలో జకాత్ పంపకండి. పుణ్యకార్యం లెక్కకు అందేలా ఉండాలి.

తిరుగు ప్రయాణం

వచ్చేటప్పుడు ఎక్కువ చిక్కు బంగారంతో. ఒక సంవత్సరానికి మించి విదేశంలో ఉండి వచ్చినవారు సుంకం లేకుండా పురుషులైతే 20 గ్రాములు, స్త్రీలైతే 40 గ్రాముల నగలు తెచ్చుకోవచ్చు. ఇది నగలకే గానీ బిస్కెట్లకు, నాణేలకు వర్తించదు. విలువ పరిమితులు, ఇతర సామాన్ల మినహాయింపులు ప్రభుత్వం మారుస్తూ ఉంటుంది, టికెట్టు తీసుకున్నప్పుడు కస్టమ్స్ వెబ్‌సైటులో ఒకసారి చూసుకోవాలి. పెళ్ళి నగలు ఒంటిమీద వేసుకుని వెళ్ళేవారు ఇక్కడి విమానాశ్రయంలో కస్టమ్స్ దగ్గర ఎక్స్‌పోర్టు సర్టిఫికెట్ తీసుకుంటే, తిరిగి వచ్చేటప్పుడు అవి కొత్తవా పాతవా అన్న ప్రశ్న రాదు.

"ఈ బంగారం శంషాబాద్‌లో ఒకరికిస్తే చాలు, టికెట్టు డబ్బులు మేమిస్తాం" అనే మాటకు లొంగకండి. ఒక టికెట్టు ఆశకు 1962 నాటి కస్టమ్స్ చట్టం కింద కేసు, అరెస్టు, పాస్‌పోర్టు జప్తు వరకు వెళ్ళవచ్చు. ఇచ్చినవాడు తర్వాత ఫోను ఎత్తడు. సుంకం కట్టవలసిన వస్తువు ఉంటే రెడ్ చానెల్‌లో వెళ్ళి చెప్పడం గౌరవం. తీసుకొచ్చే విదేశీ నోట్లు 5,000 అమెరికన్ డాలర్ల విలువ దాటినా, నోట్లు, ట్రావెలర్స్ చెక్కులు అన్నీ కలిపి 10,000 డాలర్లు దాటినా డిక్లరేషన్ ఇవ్వాలి.

కష్టం వస్తే

పట్టుబడినా, జీతం రాకపోయినా మొదట చేయవలసినది భారత రాయబార కార్యాలయానికి తెలియజేయడం. అరెస్టయిన భారతీయుడు తన కాన్సులేట్‌తో మాట్లాడాలని కోరే హక్కు ఉంది. అర్థం కాని అరబీ కాగితం మీద సంతకం చేయకుండా అనువాదకుణ్ణి అడగాలి. ఇంటి దగ్గర ఉన్నవారు విదేశాంగ శాఖ వారి మదద్ పోర్టల్‌లో ఫిర్యాదు నమోదు చేయవచ్చు. ప్రవాసీ భారతీయ సహాయతా కేంద్రం టోల్ ఫ్రీ నంబరు 1800 11 3090. దుబాయ్‌లో ఉన్నవారికి 800 46342. ఫిర్యాదుకు పాస్‌పోర్టు నంబరు, యజమాని పేరు, వీసా నకలు కావాలి. పైన చెప్పిన మూడో నకలు ఇంట్లో ఎందుకు ఉండాలో ఇప్పుడు అర్థమవుతుంది.

దాతలు ఒక పని చేయగలరు. మీ మొహల్లాలో ఎవరైనా గల్ఫ్ వెళ్తున్నారని తెలిసినప్పుడు, సాగనంపే విందుకు ముందు ఒక గంట వారి ఇంటికి వెళ్ళండి. పెట్టె తెరిపించి గసగసాలు, మందులు, ఇతరుల పొట్లాలు – ఈ మూడూ మీరే అడిగి చూడండి. చదువు రాని తల్లికి బీమా కాగితం చూపించి, అది ఏ అరలో ఉండాలో చెప్పండి. ఈ పేజీలను జుమా నమాజు తర్వాత చదివి వినిపించినా, మస్జిద్ నోటీసు బోర్డుకు అతికించినా మంచిదే. చెరలో ఉన్నవారిని విడిపించడానికి ధనం ఇవ్వడం గొప్ప దానం. అసలు చెరలో పడకుండా ముందే ఒక మాట చెప్పడానికి ధనం కూడా అక్కర్లేదు.